బదులు పలికే గొంతు: గ్రేట్ అండమానీ కథాగీతాలలో వార్ధక్యం

తిక్కన సోమయాజి ఆంధ్రీకరించిన భారతంలో ఆశ్రమవాసపర్వం యుద్ధం ముగిసిన తరువాత మిగిలిన వృద్ధుల కథ. పుట్టు అంధుడైన ధృతరాష్ట్రుడు, భర్తకు లేని చూపు తనకూ వద్దని కన్నులకు గంత కట్టుకొన్న గాంధారి ధర్మరాజు ప్రాపున హస్తినాపురంలో పదిహేను సంవత్సరాలు గడిపారు. అన్నపానాలకు గాని, వస్త్రాభరణాలకు గాని, పరిచర్యకు గాని అక్కడ లోటు లేదు. కుంతీద్రౌపదులు గాంధారిని కనిపెట్టుకొని ఉన్నారు. ఐనా ఆ వృద్ధదంపతులు చివరకు అరణ్యానికి తరలిపోయారు. అన్నగారి చెవిన పడకుండా, అంధరాజు చెవిన మాత్రం పడేటట్లు భీముడు ఆడుతూ వచ్చిన మాటలు ఆ నిర్ణయానికి ముఖ్యకారణం. చూపు లేనివానికి లోకం చాలావరకు మాటలోనే ఉంటుంది. ఆ మాట ములుకైనప్పుడు రాజభోగం కూడా రుచించదు.

శరీరం సహకరించని వార్ధక్యంలో మనిషిని నిలబెట్టేది ఏమిటన్న ప్రశ్నను ఈ పర్వం సూటిగా మన ముందుంచుతుంది. ధృతరాష్ట్రుని చెవిన కటువైన మాట పడింది. తన పుట్టుభాషలోని మాట ఏ ఒక్కటీ ఎదుటివారి నోట వినబడని వృద్ధాప్యం ఎట్లా ఉంటుంది? ఈ రెండవ ప్రశ్నకు సమాధానం వెదకదలచిన పాఠకుడు అండమాన్ దీవుల నుంచి వెలువడిన ఒక కథాగీత సంకలనాన్ని తప్పక చదవవలసి ఉంటుంది.

ఆచార్య అన్వితా అబ్బీ సంకలనం చేసిన 'వాయిసెస్ ఫ్రమ్ ది లాస్ట్ హొరైజన్' అనే గ్రంథం 2021లో ఆంగ్లంలో ప్రచురితమైంది. గ్రేట్ అండమానీ తెగల నోట మిగిలిన 10 కథలు, 46 పాటలు ఇందులో చోటు చేసుకొన్నాయి. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం బోధించిన అబ్బీ, సునామీ తరువాత 2005లో ప్రారంభించిన క్షేత్రపరిశోధన ఈ సేకరణకు మూలం. ఆ పరిశోధన నుంచే ఒక నిఘంటువు, 2013లో ఒక సమగ్ర వ్యాకరణం వెలువడ్డాయి. అదే సంవత్సరం ఆమెకు పద్మశ్రీ పురస్కారం లభించింది. అంతరించిపోతున్న భాషకు సాక్ష్యంగా ఈ కృషికి తగిన గుర్తింపు వచ్చింది. అయితే ఈ కథలను చెప్పినవారు, ఈ పాటలను పాడినవారు ఎవరు, ఏ స్థితిలో చెప్పారు, చెప్పడం వల్ల వారికి ఏమి దక్కింది అన్న దృష్టితో చదివినప్పుడు గ్రంథం మరొక విధంగా తెరచుకొంటుంది. వార్ధక్య సాహిత్యంగా దీనికి గల విలువ అప్పుడు బోధపడుతుంది.

గ్రేట్ అండమానీలు ఒకప్పుడు పది తెగలు. 1858లో ఆంగ్లేయులు పోర్ట్‌బ్లెయిర్‌లో ఖైదీల వలసను స్థాపించేనాటికి వీరి సంఖ్య వేలలో ఉండేది. 1877 నాటి తట్టు వ్యాధి, ఇతర అంటురోగాలు తెగలకు తెగలనే తుడిచిపెట్టాయి. 1901 జనాభా లెక్కల్లో 625 మంది మిగిలారు. 1961 నాటికి 19 మంది. ఆ మిగిలినవారికి ఆ తరువాతి దశకం ఆరంభంలో ప్రభుత్వం స్ట్రెయిట్ దీవిలో నివాసం ఏర్పాటు చేసింది. వేర్వేరు తెగలకు చెందినవారు ఒకచోట చేరడంతో వారి నడుమ మిశ్రభాష ఒకటి వాడుకలోకి వచ్చింది. బయటివారితో వ్యవహారానికి అండమానీ హిందీ స్థిరపడింది. జనసంఖ్య కొంత కోలుకొన్నది గాని, పుట్టుభాషలు కోలుకోలేదు.

ఈ నేపథ్యంలో బోవా సీనియర్ జీవితాన్ని చూడాలి. ఆమె బో భాష మాట్లాడగలిగిన చివరి వ్యక్తి. తల్లిదండ్రులు గతించిన తరువాత మూడు నాలుగు దశాబ్దాల పాటు ఆ భాషలో ఆమెకు బదులు పలికినవారు లేరు. ఆమె హిందీ నేర్చుకొన్నారు, మిశ్రభాషలో మసలుకొన్నారు. చివరి రోజులలో చూపు మందగించింది. సుమారు 85 సంవత్సరాల వయస్సులో 2010 జనవరి 26న ఆమె కన్నుమూశారు. అంతకు కొద్ది నెలల ముందు, 2009 నవంబరులో, కోరా భాష మాట్లాడే చివరి వ్యక్తి బోరో మరణించారు. 2020 ఏప్రిల్‌లో లీచో మరణంతో సారే భాష కూడా మూగవోయింది.

వృద్ధుల పట్ల అనాదరం ఈ సమాజపు లక్షణం కాదని గమనించడం అవసరం. 1880ల తొలిభాగంలో అండమానీల జీవనాన్ని వర్ణించిన ఇ. హెచ్. మన్, పసివారిని, బలహీనులను, ముసలివారిని, నిస్సహాయులను వారు ఎంతో ఆదరంతో చూసుకొనేవారని నమోదు చేశారు. 1906-08 సంవత్సరాలలో అక్కడ పరిశోధన సాగించిన రాడ్‌క్లిఫ్ బ్రౌన్ తన 1922 నాటి గ్రంథంలో, ప్రత్యేకమైన పాలనాయంత్రాంగం లేని ఆ సమాజంలో వ్యవహారాలను నడిపినవారు వయోవృద్ధులైన స్త్రీపురుషులేనని వివరించారు. చాలాకాలం ఎడబాసిన ఆప్తులు తిరిగి కలుసుకొన్నప్పుడు ఒకరినొకరు కౌగిలించుకొని బిగ్గరగా విలపించే ఆచారాన్ని కూడా ఆయన విపులంగా చర్చించారు. అనుబంధం వారిలో మనసున దాచుకొనే భావంగా మిగలక, గొంతెత్తి ప్రకటించవలసిన సామాజిక విధిగా ఉండేదని దీనివల్ల తెలుస్తుంది.

వృద్ధుల గౌరవానికి ఆధారం వారి వద్ద ఉన్న జ్ఞానం. 2004 డిసెంబరు 26న భూమి కంపించినప్పుడు, అట్టి సమయంలో ఎట్లా మెలగాలో పెద్దలు చెప్పిన మాట తమకు గుర్తు ఉన్నదని బోవా సీనియర్ అబ్బీకి చెప్పారు. ఎవరో ఒకనాడు చెప్పగా, మరెవరో విని గుర్తుంచుకొన్న మాట అది. వేటకు వెళ్లలేని, పడవ నడపలేని ముసలితనానికి కూడా ఆ సమాజంలో చేయవలసిన పని ఒకటి ఉండేది. ఆ పని చెప్పడం. వినేవారు తరిగినకొద్దీ వృద్ధులు కోల్పోయింది కాలక్షేపం మాత్రమే కాదు, సమాజంలో తమకు గల స్థానాన్ని.

ఈ సంకలనంలోని పాటలను ఈ వెలుగులో వినవలసి ఉంది. పాడినవారిలో బోవా సీనియర్ ముఖ్యురాలు. పూర్వపు వర్ణనలను బట్టి అండమానీల పాట ఒంటరి గానం కాదు. ఒకరు పాట ఎత్తుకొంటే స్త్రీల బృందం పల్లవిని అందుకొనేది. పాదంతో మోగించే చెక్కపలక తాళానికి ఆధారంగా ఉండేది. అంటే ఆ పాట నిర్మాణంలోనే బదులు పలికే గొంతుకు చోటు ఉన్నది. మన జానపదగేయాలలో వంత పాడేవారికి గల స్థానం వంటిదే ఇది. వంత లేని బుర్రకథను ఊహించలేనట్లే, బృందం లేని అండమానీ పాటను ఊహించడం కష్టం. బోవా సీనియర్ పాడిన పాటలు మనకు అచ్చులో ఒకే గొంతుగా చేరాయి. ఆ పాటల చుట్టూ ఉన్న ఖాళీని కూడా పాఠకుడు చదువుకోవాలి.

ఆమె పక్షులతో మాట్లాడేవారన్న విషయం మరణానంతరం దేశవిదేశాల పత్రికలలో వచ్చింది. వార్తగా అది ఒక వింత. సంకలనంలోని జీరో మిథే కథ చదివిన పాఠకుడికి ఆ వింత వింతగా తోచదు. మనుషులు పక్షులుగా మారిన వృత్తాంతం ఆ కథలో ఉన్నది. గ్రేట్ అండమానీల విశ్వాసంలో పక్షులు పూర్వీకులు. అందువల్ల ఆమె మాటలు గాలిలో కలిసిపోయిన పలవరింతలు కావు. తన భాష తెలిసిన బంధువులతో సాగించిన సంభాషణలు. మనుషులలో వినేవారు కరవైనప్పుడు ఆ వృద్ధురాలు తన కథల లోకంలోకి వెళ్లి శ్రోతలను వెదుక్కొన్నారు. సాహిత్యం మనిషికి చేయగల మేలుకు ఇంతకంటె గొప్ప నిదర్శనం దొరకదు. సాటి మనుషుల లోటును సాహిత్యం ఒక్కటే భర్తీ చేయవలసి రావడం ఎంత దుర్భరమో కూడా దీనివల్లనే తెలుస్తుంది.

అబ్బీ వ్యాకరణంలో వివరించిన ఒక విశేషం ఇక్కడ ప్రస్తావించదగినది. గ్రేట్ అండమానీ వ్యాకరణానికి మానవశరీరమే పునాది. శరీరాన్ని ఏడు విభాగాలుగా భావించి, ఆ విభాగాలను సూచించే ప్రత్యయాలను పదాలకు ముందు చేర్చడం ఆ భాష ప్రత్యేకత. చెయ్యి, తల, కన్ను వంటి అవయవాల పేర్లను ఎవరివో చెప్పకుండా విడిగా పలకడానికి వీలు లేదు. బంధుత్వవాచకాలూ ఈ కోవకే చెందుతాయి. అవయవం వలెనే బంధువు కూడా మనిషి నుంచి వేరుచేయరానివాడని ఆ భాష భావించింది. తెలుగులో కూడా బిడ్డను కంటిపాప అంటాము, తోడబుట్టినవానిని కుడిభుజం అంటాము. మనకు అది అలంకారం, వారికి వ్యాకరణం. చూపు మందగించడం, బంధువర్గం తరిగిపోవడం అనే రెండు నష్టాలను వేర్వేరు శాఖల కింద లెక్కించడం మనకు అలవాటు. ఆ భాష దృష్టిలో రెండూ ఒకే విధమైన అంగవైకల్యం.

కథల విషయానికి వస్తే, వాటిలో ముఖ్యమైనవాటిని చెప్పినవాడు నావో జూనియర్. చెప్పుకోవడానికి వినేవారు లేక ఏళ్ల తరబడి మరుగున పడిన కథలవి. వెదురు నుంచి పుట్టిన తొలి మానవుడు ఫెర్తాజిదో నేలను తవ్వి నీటిని, మట్టిని కనుగొని, ఆ మట్టితోనే తనకు తోడును సృష్టించుకొన్న కథ వాటిలో ప్రధానమైనది. ఆ భాషలో మిగిలిన ఆదికథ ఒంటరితనంతో ప్రారంభమై తోడును వెదకడంతో సాగడం గమనార్హం. ఆ కథను గుర్తుచేసుకొంటూ చెప్పిన కథకుడి ప్రయత్నం కూడా అటువంటి తవ్వకమే. శ్రద్ధగా వినే మనిషి ఎదుట కూర్చున్నప్పుడు మరచిపోయాననుకొన్న మాట తిరిగి నోటికి వచ్చింది. జ్ఞాపకశక్తి వ్యక్తి మెదడులో మాత్రమే ఉండే వస్తువు కాదని, చెప్పేవారికీ వినేవారికీ నడుమ అది నిలిచి ఉంటుందని ఈ అనుభవం సూచిస్తున్నది.

గ్రంథంలోని లోపాలను కూడా నిష్పక్షపాతంగా చెప్పుకోవాలి. శీర్షికలోనే అస్తమయచ్ఛాయ ఉన్నది. పోయిన దిగంతం అన్న భావన పాఠకుడిని మొదటి పుట నుంచే శోకానికి సిద్ధం చేస్తుంది. అంతరించిన భాష ప్రధానపాత్ర అయినప్పుడు, ఆ భాషను మోసిన వృద్ధులు పాత్రధారులు కాక పాత్రలుగా, అంటే ఒక అమూల్యద్రవ్యాన్ని నిలువచేసిన భాండాలుగా కనిపించే ప్రమాదం ఉన్నది. బోవా సీనియర్ మరణవార్తను ప్రచురించిన పత్రికలు చాలావరకు ఈ ప్రమాదంలో పడ్డాయి. వేల సంవత్సరాల పరంపర తెగిపోయిందని అవి విలపించాయి. ఒక ముసలి స్త్రీ దశాబ్దాల పాటు తన భాషలో పలకరింపుకు నోచుకోకుండా జీవించిందన్న విషయం ఆ విలాపంలో ఉపవాక్యంగా మిగిలింది.

ఈ దోషానికి విరుగుడు కూడా అబ్బీ సాక్ష్యంలోనే లభిస్తుంది. బోవా సీనియర్ హాస్యప్రియురాలని, ఆమె చిరునవ్వూ గొంతు నిండా నవ్వే నవ్వూ చుట్టూ ఉన్నవారికి అంటుకొనేవని ఆమె చెప్పారు. ఈ నవ్వును చిన్న వివరంగా తీసిపుచ్చరాదు. ఒంటరితనం ఆమెను తరచుగా బాధించింది. ఐనా మరొక భాష నేర్చుకొని, ఆ భాషలో ఎదుటివారిని నవ్వించి, తన చుట్టూ కొత్తగా మనుషులను కూర్చుకొన్న చొరవ కూడా ఆమెదే. దయకు పాత్రురాలైన నిస్సహాయురాలిగా మాత్రమే ఆమెను చిత్రించే రచన సగం సత్యాన్నే చెప్పినట్లు అవుతుంది.

తెలుగు కథాసాహిత్యంలో ఈ సందర్భంగా గుర్తుకు వచ్చే రచన శ్రీరమణ 'మిథునం'. 1997లో ఆంధ్రజ్యోతి వారపత్రికలో వెలువడిన ఈ కథ బాపు చేతిరాతలో మరింతమంది పాఠకులకు చేరింది. 2000లో మలయాళంలో, 2012లో తెలుగులో చలనచిత్రంగా వచ్చింది. పిల్లలు దూరదేశాలలో ఉండగా పెరటితోట నడుమ తమ ఇంట కాలం గడిపే అప్పదాసు, బుచ్చిలక్ష్మి దంపతుల కథ అది. ఆ కథలోని రుచులను, పెరటి మొక్కలను మెచ్చుకొన్న విమర్శకులు ఎందరో ఉన్నారు. అయితే ఆ ఇంటిని సజీవంగా నిలిపింది ఆ దంపతుల కీచులాట. ఒక మాట అంటే పది మాటలు బదులు పలికే తోడు అక్కడ ఉన్నది. ఆ ఇంటికి వస్తూ పోతూ, వారి మాటలు వింటూ, వాటిని మనకు అందించే కథకుడూ ఉన్నాడు. భర్త ముందుగా వెళ్లిపోవడమే మంచిదైనదని, తాను లేకుండా ఆయన బతకలేడని బుచ్చిలక్ష్మి భావించడం కథకు శిఖరం. వార్ధక్యంలో ఒకరికి ఒకరు ఎంతగా అవసరమో ఆ ఒక్క భావంలో ఉన్నది.

'మిథునం' ఎక్కడ ముగుస్తుందో అక్కడ బోవా సీనియర్ కథ ప్రారంభమవుతుంది. బదులు పలికే గొంతు ఆగిపోయిన తరువాతి జీవితం అది. తెలుగు కథ ఆ గడప వరకు మనలను తీసుకొనిపోయి ఆగింది. అండమానీ పాటలు గడప దాటి లోపలి నిశ్శబ్దాన్ని వినిపిస్తున్నాయి. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చదివినప్పుడు, శారీరకమైన అశక్తత కంటె తన అవసరం ఎవరికీ లేదన్న భావన వృద్ధులను ఎక్కువగా కుంగదీస్తుందన్న సత్యం స్పష్టమవుతుంది.

ఈ సత్యం సాహిత్యానికి మాత్రమే పరిమితమైనది కాదు. వృద్ధుల కోసం 1999లో జాతీయవిధానం, తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమం కోసం 2007లో చట్టం, దివ్యాంగుల హక్కుల కోసం 2016లో మరొక చట్టం వచ్చాయి. 2007 చట్టం పోషణ అన్న మాట కింద ఆహారం, వస్త్రం, నివాసం, వైద్యసహాయం పేర్కొన్నది. ఇవి నాలుగూ అత్యవసరాలే. హస్తినాపురంలో ధృతరాష్ట్రుడికి ఈ నాలుగూ ఉన్నాయి. ఐదవది లేకపోవడం చేతనే ఆయన అడవికి వెళ్లాడు. ఒంటరితనం ఆరోగ్యసమస్య అని గుర్తించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నవంబరులో సామాజిక అనుబంధాలపై ప్రత్యేక కమిషన్‌ను నియమించింది. మన ఇతిహాసం ఏనాడో చెప్పిన విషయం ఇప్పుడు పాలనాపరిభాషలోకి వస్తున్నది.

అండమాన్ నికోబార్ దీవులలోనే మరొక ఉదాహరణ ఉన్నది. కార్ నికోబార్‌లో తుహెత్ అనే విస్తృతకుటుంబం భూమికి, శ్రమకు, భోజనానికి ఉమ్మడి ఆధారం. ముసలివారు అందులో ఒకరి బాధ్యతగా కాక అందరి మనుషులుగా బతుకుతారు. సునామీ తరువాత ప్రభుత్వం గట్టి ఇళ్లు కట్టి ఇచ్చింది. అవి చిన్న కుటుంబాల లెక్కన కట్టినవి కావడం వల్ల తుహెత్ కట్టుబడికి విఘాతం కలిగిందని పరిశీలకులు పేర్కొన్నారు. సదుద్దేశంతో కట్టిన గోడ కూడా మాటకు అడ్డు పడవచ్చునని ఈ అనుభవం హెచ్చరిస్తున్నది.

ఈ దీవులలో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలసవెళ్లిన కుటుంబాలు వారిలో అనేకం. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో బజారుభాష హిందీ. కోట్ల మంది మాట్లాడే తెలుగును బో భాషతో పోల్చడం అతిశయోక్తి. కాని ఒక ముసలితల్లికి భాష అంటే కోట్ల జనం కాదు, తన ఇంటిలోని నలుగురే. మోకాళ్ల నొప్పులతో గడప దాటలేని ఆమెకు మనుమడు తెలుగులో బదులు పలకకపోతే, ఆ మేరకు ఆమె కూడా తన భాషకు చివరి మనిషే.

అబ్బీ సంకలనం చివరకు మిగిల్చే ఎరుక ఇదే. ఒక భాషను కాపాడడానికి వెళ్లిన పరిశోధకురాలు, అంతకంటె ముందుగా ఒక వృద్ధురాలి పాటకు శ్రోత అయ్యారు. అచ్చులోకి వచ్చిన కథలు, పాటలు ఆ వినడం వల్ల కలిగిన ఫలం. నిఘంటువు, వ్యాకరణం పండితులకు ఉపకరిస్తాయి. ఆ మధ్యాహ్నాలు మాత్రం బోవా సీనియర్‌కు, నావో జూనియర్‌కు ఉపకరించాయి. గ్రంథాన్ని ఈ విధంగా చదివినవారు తమ ఇంటి పెద్దలు చెప్పినదే చెపుతున్నారని విసుగుకోకుండా మరొకమారు వినగలుగుతారు.

ధృతరాష్ట్రుడి వెంట అడవికి వెళ్లినవారిలో సంజయుడు ఉన్నాడు. యుద్ధభూమిని మాటలలో ఆయనకు చూపించినవాడు అతడు. రాజ్యం, కుమారులు, రాజభోగం అన్నీ వదలుకొన్న ఆ అంధవృద్ధుడు మాటకు మాట అందించే మనిషిని మాత్రం వెంట ఉంచుకొన్నాడు.